సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఖరీదైన వాచీకి కంపెనీ వారంటీ వస్తుందా? కార్డు చదవడం నుంచి కన్స్యూమర్ కమిషన్ దాకా పూర్తి వివరాలు

మన ఇళ్లలో ఖరీదైన వాచీ ఒక్కరి చేతి మీదే ఉండిపోవడం అరుదు. దుబాయ్‌లోనో జెడ్డాలోనో ఉండే మామూ కొంటారు, నాలుగేళ్లు పెట్టుకుని ఇక్కడ ఎవరికో అమ్మేస్తారు. నికాహ్‌లో దూల్హాకి వచ్చిన వాచీ, ఇంటి అవసరం వచ్చినప్పుడు మొదట బయటికి వెళ్లే వస్తువుల్లో ఒకటి. ఇప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో, ఆన్‌లైన్ సైట్లలో, అబిడ్స్, బంజారాహిల్స్ షాపుల్లో పాత వాచీల సౌదా జోరుగా నడుస్తోంది. కొత్తది కొనలేనివారు సగం ధరకు దొరుకుతుందని వీటివైపు చూస్తున్నారు.

అమ్మేవారి నోట మొదట వచ్చే మాట ఒకటే: "భాయ్, కార్డు ఉంది, వారంటీ ఇంకా నడుస్తోంది." ఆ మాట మీద భరోసాతో లక్షలు ఇచ్చేస్తారు. ఆరు నెలలకు వాచీ ఆగిపోతే సర్వీస్ సెంటర్‌కు వెళ్తారు. అక్కడ కార్డు చూసి ఒప్పుకుంటారా, "మీరు మొదటి ఓనర్ కాదు కదా" అంటారా, లేక వాచీ వెనక మూత తీసి చూసి బిల్లు చేతిలో పెడతారా అన్నది మీరు కొనే రోజునే తేలిపోయి ఉంటుంది. అందుకే ఈ వివరాలు కొన్నాక కన్నా కొనే ముందు తెలుసుకుంటేనే ఎక్కువ లాభం.

వారంటీ మనిషిదా, వాచీదా?

ముందుగా మూడు రకాల వారంటీలను విడదీసి చూడాలి. మార్కెట్లో మూడింటినీ కలిపి ఒకే మాటగా వాడేస్తారు, గొడవ అక్కడే మొదలవుతుంది.

మొదటిది కంపెనీ వారంటీ. వాచీ తయారుచేసిన బ్రాండ్ ఇచ్చేది. పెద్ద స్విస్ బ్రాండ్లలో ఇది సాధారణంగా వాచీ సీరియల్ నంబరుకు, ఆథరైజ్డ్ డీలర్ తేదీ వేసి ఇచ్చిన కార్డుకు ముడిపడి ఉంటుంది. వాచీ చేతులు మారినా కార్డు, వాచీ రెండూ కలిసి ఉంటే మిగిలిన కాలానికి వారంటీ నడుస్తుంది. రోలెక్స్ కిందకు వచ్చే ట్యూడర్ బ్రాండ్ అయితే తన గ్యారంటీ చేతులు మారుతుందని, అందుకు రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదని స్వయంగా ప్రకటించింది.

రెండోది షాపు వారంటీ. పాత వాచీలు అమ్మే షాపు తన సొంతంగా ఆరు నెలలో, ఏడాదో ఇచ్చే హామీ ఇది. దీనికి బ్రాండ్‌తో సంబంధం లేదు. రిపేరు ఆ షాపే చేయించాలి. బిల్లు మీద ఎవరి పేరు ఉంటే వారికే ఇది చెల్లుతుందని చాలా షాపులు షరతు పెడతాయి. కాబట్టి మీరు ఆ షాపు నుంచి కాక, ఆ షాపులో కొన్న వ్యక్తి నుంచి కొంటుంటే దీన్ని లెక్కలో వేసుకోకండి.

మూడోది బ్రాండ్ స్వయంగా పాత వాచీని పరీక్షించి ఇచ్చే హామీ. రోలెక్స్ 2022 డిసెంబర్‌లో సర్టిఫైడ్ ప్రీ-ఓన్డ్ అనే పథకం మొదలుపెట్టింది. ఇందులో అధికారిక డీలర్ల దగ్గర అమ్మే పాత రోలెక్స్‌కు అమ్మిన రోజు నుంచి 2 ఏళ్ల కొత్త గ్యారంటీ, దానికి వేరే కార్డు వస్తాయి. ధర బయటి మార్కెట్ కన్నా ఎక్కువే ఉంటుంది. ఆ ఎక్కువ సొమ్ము ఈ కార్డుకే అనుకోవాలి.

రోజులు ఎప్పటి నుంచి లెక్క?

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. కంపెనీ వారంటీ మీరు కొన్న రోజు నుంచి మొదలవదు. ఆథరైజ్డ్ డీలర్ మొదటిసారి అమ్మిన రోజు నుంచి లెక్క. ఉదాహరణకు ఐదేళ్ల గ్యారంటీ ఉన్న వాచీ దుబాయ్‌లో 2021 మార్చి 10న అమ్ముడైంది అనుకుందాం. మీరు దాన్ని 2024 సెప్టెంబర్‌లో కొన్నారు. మీ చేతికి వచ్చేది ఐదేళ్లు కాదు, 2026 మార్చి దాకా ఉన్న ఏడాదిన్నర మాత్రమే. అమ్మేవారు ఆ వాచీని ఒక్కరోజు కూడా పెట్టుకోకుండా బాక్సులోనే దాచినా ఈ లెక్క మారదు.

గ్యారంటీ ఎన్నేళ్లన్నది బ్రాండ్‌ను బట్టి, కొన్న సంవత్సరాన్ని బట్టి ఉంటుంది. రోలెక్స్ 2015 జులై నుంచి అమ్మిన కొత్త వాచీలకు 5 ఏళ్ల అంతర్జాతీయ గ్యారంటీ ఇస్తోంది. ఒమేగా 2018 నవంబర్ నుంచి 5 ఏళ్లకు పెంచింది. ట్యూడర్ 2020 జనవరి నుంచి 5 ఏళ్లు చేసింది.

కార్టియే, ఐడబ్ల్యూసీ లాంటి రిష్మాన్ గ్రూపు బ్రాండ్ల పద్ధతి వేరు. మామూలుగా 2 ఏళ్లు, ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేస్తే 8 ఏళ్ల దాకా పొడిగిస్తారు. అసలు గ్యారంటీ బతికి ఉండగానే ఆ రిజిస్ట్రేషన్ చేయాలి. మీరు కొనే కార్టియే మూడేళ్ల కిందటిది అయితే, మొదటి ఓనర్ రిజిస్టర్ చేశాడా లేదా అన్న ఒక్క ప్రశ్న మీద ఐదేళ్ల వారంటీ ఆధారపడి ఉంటుంది. నోటిమాటగా కాక ఆయన అకౌంట్‌లో చూపించమని అడగండి. సౌదా కుదిరాక ఆ వాచీని తన అకౌంట్ నుంచి తీసేయమనండి.

కార్డును ఎలా చదవాలి?

కార్డు ఉండటం వేరు, చెల్లే కార్డు ఉండటం వేరు. నాలుగు విషయాలు సరిపోల్చండి.

ఒకటి, సీరియల్ నంబరు. కార్డు మీద ఉన్న నంబరు, వాచీ మీద చెక్కిన నంబరు ఒక్కో అంకె సరిపోవాలి. ఈ కాలం రోలెక్స్‌లో ఇది అద్దం కింద, డయల్ చుట్టూ ఉండే లోపలి రింగు మీద ఉంటుంది. పాత మోడళ్లలో చైను తీస్తే 6 గంటల వైపు బాడీ మీద కనిపిస్తుంది. ఒమేగాలో బాడీ మీద సన్నగా లేజర్‌తో చెక్కుతారు. చూడ్డానికి భూతద్దం కావాలి, మొబైల్ కెమెరాలో జూమ్ చేసినా పనవుతుంది.

రెండు, మోడల్ నంబరు. కార్డు ఒక మోడల్‌ది, వాచీ మరో మోడల్‌ది అయి ఉండొచ్చు. డయల్ రంగు మార్చిన వాచీలను ఇలాగే పట్టుకోవచ్చు.

మూడు, తేదీ. తేదీ వేయని ఖాళీ కార్డు చూపించి "ఓపెన్ కార్డు భాయ్, మీ ఇష్టమొచ్చిన తేదీ వేయించుకోండి" అనేవారున్నారు. ఆ మాట నమ్మకండి. ఆథరైజ్డ్ డీలర్ సరిగా నింపి, తేదీ వేయని కార్డుతో గ్యారంటీ మొదలైనట్టు కాదు. బయట ఎవరో రాసిన తేదీని సర్వీస్ సెంటర్ ఒప్పుకోదు.

నాలుగు, డీలర్. కార్డు మీద డీలర్ పేరు, ముద్ర వేసే బ్రాండ్లలో ఆ పేరు బ్రాండ్ అధికారిక జాబితాలో ఉండాలి. జాబితాలో లేని షాపులు కొత్త వాచీలు అమ్మడాన్ని గ్రే మార్కెట్ అంటారు. అందులో వాచీ అసలుదే అయినా కంపెనీ వారంటీ ఉండకపోవచ్చు, లేదా మీకు తెలియకుండానే ఎప్పుడో మొదలైపోయి ఉండొచ్చు.

కొన్ని బ్రాండ్ల కార్డుల మీద మొదట కొన్నవారి పేరు ఉంటుంది. పేరు మీది కానంత మాత్రాన భయపడక్కర్లేదు, కానీ ఆ పేరు గల వ్యక్తి నుంచి మీదాకా వాచీ ఎలా వచ్చిందో చూపే కాగితం ఉంటే మంచిది. కార్డు పోతే డూప్లికేట్ ఇవ్వడం సాధారణంగా ఉండదు. "కార్డు ఊళ్లో ఉంది, వారంలో పంపిస్తా" అంటే, కార్డు వచ్చిన రోజే డబ్బు ఇస్తానని చెప్పండి.

నకిలీ కార్డులు కూడా తయారవుతున్నాయి. వాచీని, కార్డును కలిపి ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లి చూపించడమే సరైన పరీక్ష. సౌదా ఖరారయ్యేలోపు ఇద్దరూ కలిసి వెళ్దామని అమ్మేవారిని అడగండి. నిజాయితీగా అమ్మేవారికి అందులో అభ్యంతరం ఉండదు.

వారంటీలోకి ఏవి వస్తాయి, ఏవి రావు?

కంపెనీ వారంటీ తయారీ లోపానికి, పదార్థంలో లోపానికి మాత్రమే. మెషీన్ తనంతట తాను ఆగిపోవడం, చాబీ తిప్పినా స్ప్రింగు బిగియకపోవడం, తేదీ మారకపోవడం, డయల్ మీది గుర్తు ఊడిపడటం లాంటివి ఇందులోకి వస్తాయి.

సాధారణంగా రానివి ఇవి: కింద పడి పగిలిన అద్దం, గీతలు, సొట్టలు, తోలు బెల్టు అరుగుదల, బ్యాటరీ, పోగొట్టుకోవడం, దొంగతనం, సరిగా వాడకపోవడం వల్ల నీళ్లు చేరడం.

వీటన్నిటికన్నా సెకండ్‌హ్యాండ్ కొనేవారిని ఎక్కువ ముంచేది ఇంకొకటి ఉంది. వాచీని బయటి మెకానిక్ విప్పి ఉండటం. ఆథరైజ్డ్ కాని చేతులు వెనక మూత తీసినా, అసలుది కాని పార్టు వేసినా వారంటీ రద్దయినట్టే. తేదీ ఇంకా మూడేళ్లు మిగిలి ఉన్నా లాభం లేదు. సర్వీస్ సెంటర్ వాళ్లు మూత తీయగానే స్క్రూల మీది గీతలు, గాస్కెట్ అంటే లోపలి రబ్బరు రింగు కూర్చున్న తీరు చూసి చెప్పేస్తారు.

ఈ విషయంలో మన దగ్గర రెండు అలవాట్లు ఖరీదుగా తేలతాయి. ఒకటి, గల్లీ చివర ఉన్న వాచీ దుకాణంలో బ్యాటరీ మార్పించడం. ఆయన పనితనం మంచిదే కావచ్చు, నలభై ఏళ్ల అనుభవమూ ఉండొచ్చు, కానీ కంపెనీ రికార్డులో ఆయన పేరు లేదు. రెండోది, మామూలు వాచీకి డయల్ చుట్టూ వజ్రాలు పొదిగించడం. గల్ఫ్‌లోనూ ఇక్కడా దీనికి మోజు ఉంది. కంపెనీ పొదిగినవి కాని రాళ్లు ఉన్న వాచీని సర్వీస్‌కు తీసుకోవడానికే చాలా బ్రాండ్లు నిరాకరిస్తాయి. అలాంటి వాచీకి వారంటీ పోవడమే కాదు, డబ్బిచ్చి చేయించుకుందామన్నా కంపెనీ తలుపు మూసి ఉంటుంది.

అందుకే అమ్మేవారిని ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: "ఇది ఎప్పుడైనా తెరిచారా? తెరిస్తే ఎక్కడ?" జవాబును వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. తర్వాత అబద్ధమని తేలితే మీ చేతిలో ఉండే ఆధారం అదే.

ఇది నిజంగా లోపమేనా? ముందు ఇంట్లో చూసుకోండి

సర్వీస్ సెంటర్‌కు పరుగెత్తే ముందు కొన్ని సంగతులు తెలిస్తే ఒక ప్రయాణం మిగులుతుంది.

ఆటోమేటిక్ వాచీ బ్యాటరీతో నడవదు, చేతి కదలికతో నడుస్తుంది. తీసి పక్కన పెడితే మోడల్‌ను బట్టి సుమారు 40 నుంచి 70, 80 గంటల్లో ఆగిపోతుంది. శుక్రవారం పెట్టుకుని మళ్లీ బుధవారం చూస్తే ఆగి ఉండటం లోపం కాదు. చాబీని 20, 30 సార్లు తిప్పి చూడండి.

టైము తేడా కూడా అంతే. సెకను తేడా లేకుండా నడిచే మెకానికల్ వాచీ లేదు. స్విట్జర్లాండ్‌లో కాస్క్ అనే సంస్థ ఇచ్చే క్రోనోమీటర్ సర్టిఫికెట్‌కు రోజుకు 4 సెకన్లు వెనక, 6 సెకన్లు ముందు దాకా అనుమతి ఉంది. రోలెక్స్ తన వాచీలకు రోజుకు 2 సెకన్లు అటూ ఇటూ అని, ఒమేగా మాస్టర్ క్రోనోమీటర్‌కు 0 నుంచి 5 సెకన్లు ముందు అని లెక్క పెట్టుకున్నాయి. వరుసగా వారం రోజులు ఒకే సమయానికి మొబైల్ టైముతో పోల్చి కాగితం మీద రాయండి. ఆ కాగితం సర్వీస్ సెంటర్‌లో మీ మాటకు బలం.

వాచీ ఉన్నట్టుండి రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరుగెడితే అయస్కాంతం తగిలి ఉండవచ్చు. స్పీకర్లు, మొబైల్ కవర్ల అయస్కాంతాలు, హ్యాండ్‌బ్యాగు బటన్లు దీనికి కారణాలు. సర్వీస్ సెంటర్‌లో యంత్రం మీద పెట్టి నిమిషాల్లో సరిచేస్తారు, మూత తీయాల్సిన పని కూడా ఉండదు.

తేదీ మార్చే విషయంలో జాగ్రత్త. చాలా మెకానికల్ వాచీల్లో రాత్రి 9 నుంచి తెల్లవారు 3 గంటల మధ్య తేదీ మార్చే పళ్లచక్రాలు కదులుతుంటాయి. ఆ సమయంలో చాబీతో తేదీ మారిస్తే పళ్లు విరగవచ్చు. అలా జరిగితే దాన్ని వాడకంలో పొరపాటు కింద లెక్కగట్టే అవకాశం ఉంది.

నీళ్ల సంగతి మరీ ముఖ్యం. వాచీ మీద 30 మీటర్లు అని రాసి ఉంటే 30 మీటర్ల లోతుకు దూకొచ్చని కాదు. చేతులు కడిగేటప్పుడు పడే చిలకరింపుకే అది. వజూ చేసేటప్పుడు మోచేతి దాకా నీళ్లు పోసుకుంటాం కాబట్టి అలాంటి వాచీని తీసి పక్కన పెట్టడమే మేలు. స్క్రూ చాబీ ఉన్న వాచీలో టైము మార్చాక చాబీని పూర్తిగా బిగించాలి. అద్దం లోపల ఆవిరి కనిపిస్తే ఎండలో పెట్టకండి, హెయిర్ డ్రయ్యర్ వాడకండి. అదే రోజు సర్వీస్ సెంటర్‌కు ఇచ్చేయండి. ఆలస్యమైన కొద్దీ మెషీన్ తుప్పు పడుతుంది.

సర్వీస్ సెంటర్‌లో వరుస

ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్ చిరునామాను బ్రాండ్ అధికారిక వెబ్‌సైట్ నుంచే తీసుకోండి. ఇంటర్నెట్‌లో వెతికితే మొదట వచ్చే ఫోన్ నంబర్లు చాలాసార్లు బయటి రిపేర్ షాపులవి. ఒమేగా, లాంజీన్స్, రాడో, టిస్సో నాలుగూ స్వాచ్ గ్రూపువే కాబట్టి వాటి సర్వీసు మన దేశంలో ఆ గ్రూపు ద్వారానే నడుస్తుంది. హైదరాబాద్‌లో ఆథరైజ్డ్ డీలర్‌కు వాచీ ఇచ్చినా, అవసరాన్ని బట్టి ముంబై, ఢిల్లీ లాంటి చోట్లకు, కొన్ని మోడళ్లను స్విట్జర్లాండ్‌కు కూడా పంపుతారు. కాబట్టి వారాలు పట్టడం మామూలే.

వాచీ ఇచ్చేటప్పుడు వెంట ఉండాల్సినవి: వారంటీ కార్డు, మొదటి బిల్లు ఉంటే దాని కాపీ, మీరు కొన్నట్టు చూపే రసీదు, మీ గుర్తింపు కార్డు. కార్డు చూపించి, అవసరమైతే కాపీ ఇవ్వండి. అసలు కార్డు తప్పనిసరిగా కావాలంటే రసీదులో "ఒరిజినల్ కార్డు తీసుకున్నాం" అని రాయించుకోండి.

ఇచ్చే ముందు నాలుగువైపులా ఫొటోలు తీయండి. సీరియల్ నంబరు స్పష్టంగా కనిపించేలా ఒకటి ఉండాలి. రసీదు మీద సీరియల్ నంబరు, మీరు చెప్పిన ఫిర్యాదు, అప్పటికే ఉన్న గీతలు రాశారో లేదో చదివాకే సంతకం పెట్టండి. ఫిర్యాదును "సర్వీసింగ్" అని ఒక్క మాటలో రాయనివ్వకండి. "రోజుకు 3 నిమిషాలు వెనకబడుతోంది, వారంటీలో చూడాలి" అన్నట్టు రాయించండి.

పరీక్ష అయ్యాక రెండు జవాబుల్లో ఒకటి వస్తుంది. వారంటీలోకి వస్తే ఉచితంగా చేస్తారు. రాదంటే అంచనా బిల్లు పంపుతారు. ఆ బిల్లుకు మీరు ఒప్పుకునేదాకా పని మొదలుపెట్టకూడదు. వద్దంటే వాచీ తిరిగి తీసుకోవచ్చు, అయితే పరీక్షకో, తిరిగి పంపడానికో చార్జీ ఉందేమో ముందే అడగండి. వారంటీ నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా ఇమ్మని కోరండి, లోపల తీసిన ఫొటోలు కూడా అడగండి. "బయట తెరిచారు" అన్నమాట నోటితో చెబితే సరిపోదు, ఎక్కడ గుర్తు కనిపించిందో చూపాలి.

పని అయ్యాక వచ్చే కాగితాన్ని పారేయకండి. కంపెనీ సర్వీస్‌కు విడిగా హామీ ఉంటుంది. రోలెక్స్ అధికారిక సర్వీస్ తర్వాత 2 ఏళ్ల సర్వీస్ గ్యారంటీ ఇస్తుంది. అసలు వారంటీ అయిపోయిన పాత వాచీ కొనేవారికి ఇలాంటి తాజా సర్వీస్ కాగితం చాలా విలువైనది.

డబ్బు, బిల్లు, పన్ను

కాగితం లేని సౌదాలో వాచీ చౌకగా దొరికినట్టు అనిపిస్తుంది. తర్వాత ఏ తలుపు తట్టాలన్నా అడిగేది ఆ కాగితమే.

నగదు గురించి ముందుగా. ఆదాయపన్ను చట్టంలోని 269 ఎస్‌టీ నిబంధన 2017 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఒకే సౌదాకు 2 లక్షల రూపాయలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు. తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడొచ్చు, అదీ తీసుకున్నవారి మీద. మీరు రేపు ఇదే వాచీ అమ్మేటప్పుడు ఆ తీసుకునేవారు మీరే అవుతారు. బ్యాంకు ద్వారా ఇస్తే మీ దగ్గర రుజువు కూడా మిగులుతుంది.

షాపు నుంచి 10 లక్షలు దాటిన వాచీ కొంటే 2025 ఏప్రిల్ 22 నుంచి అమ్మేవారు 1 శాతం టీసీఎస్ వసూలు చేయాలి. ఇది అదనపు ఖర్చు కాదు. మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్నులో సర్దుకోవచ్చు. పాన్ నంబరు సరిగా రాశారో లేదో చూడండి. పాత వస్తువుల వ్యాపారులకు జీఎస్టీలో మార్జిన్ పద్ధతి ఉంది, అంటే కొన్న ధరకు, అమ్మిన ధరకు మధ్య తేడా మీదే పన్ను. కాబట్టి "బిల్లు ఇస్తే మొత్తం ధర మీద పన్ను పడుతుంది, బిల్లు లేకుండా తీసుకోండి" అనే మాటకు బలం లేదు.

వ్యక్తి నుంచి కొంటే జీఎస్టీ బిల్లు రాదు. అప్పుడు ఒక తెల్లకాగితం మీద అమ్మినవారి పేరు, చిరునామా, వాచీ మోడల్, సీరియల్ నంబరు, ధర, తేదీ, "ఇది నా సొంతం, బయట తెరవలేదు" అన్న వాక్యం రాయించి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. బంధువుల మధ్య అయినా సరే. ఇది అనుమానం కాదు, ఇద్దరికీ రక్షణ.

దొంగ సొత్తు అయితే?

1930 నాటి సరుకుల విక్రయ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అమ్మేవారికి లేని హక్కు కొన్నవారికి రాదు. అంటే దొంగ వాచీకి మీరు పూర్తి ధర ఇచ్చినా అది మీది కాదు. తెలిసి కొంటే, లేదా అనుమానించడానికి తగిన కారణం ఉండీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం కూడా. మార్కెట్ ధరలో మూడోవంతుకే దొరకడం, బాక్సు, కార్డు రెండూ లేకపోవడం, అమ్మేవారు పేరు చెప్పడానికి వెనకాడటం అలాంటి కారణాలే.

పోయిన, దొంగిలించిన వాచీల సీరియల్ నంబర్లను నమోదు చేసే అంతర్జాతీయ జాబితాలున్నాయి. లండన్ కేంద్రంగా నడిచే వాచ్ రిజిస్టర్ ఒకటి, రిష్మాన్ గ్రూపు 2023లో మొదలుపెట్టిన ఎన్‌క్వైరస్ మరొకటి. దొంగతనంగా నమోదైన వాచీ సర్వీస్ సెంటర్‌కు చేరితే అది మీ చేతికి తిరిగి రాకపోవచ్చు. వారంటీ రిపేరు కోసం వెళ్లి వాచీయే పోగొట్టుకునే పరిస్థితి అది.

గల్ఫ్ నుంచి వచ్చిన వాచీ

దుబాయ్‌లో, రియాద్‌లో ఆథరైజ్డ్ డీలర్ అమ్మిన వాచీకి అంతర్జాతీయ గ్యారంటీ ఉంటే అది ఇక్కడి అధికారిక సర్వీస్ సెంటర్‌లో కూడా చెల్లుతుంది. రిపేరు కోసం అక్కడికే పంపాల్సిన పని లేదు. అయితే అక్కడి షాపు ఇచ్చిన సొంత వారంటీ అక్కడికే పరిమితం.

తెచ్చేటప్పుడు కస్టమ్స్ డ్యూటీ కట్టి ఉంటే ఆ రసీదు అడిగి తీసుకోండి. డ్యూటీ ఎగ్గొట్టి తెచ్చిన వాచీని చట్టప్రకారం జప్తు చేసే అధికారం కస్టమ్స్‌కు ఉంది.

మీరే వాచీ పెట్టుకుని విదేశాలకు వెళ్తున్నా, అక్కడ రిపేరు చేయించాలని తీసుకెళ్తున్నా, బయల్దేరేటప్పుడే విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారికి చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. తిరిగి వచ్చేటప్పుడు అది ఇక్కడి నుంచే తీసుకెళ్లిన వాచీ అని రుజువు అవుతుంది. చెక్-ఇన్ సామాను లోపలికి పోయాక, విమానం ఎక్కే తొందరలో ఇది కుదరదు, కాస్త ముందుగా వెళ్లాలి.

కాదంటే ఎక్కడికి వెళ్లాలి?

సర్వీస్ సెంటర్ సరైన కారణం లేకుండా వారంటీ నిరాకరిస్తే ముందు బ్రాండ్ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ రాయండి. కార్డు ఫొటో, రసీదు, నిరాకరణ పత్రం జతచేయండి. ఫోన్లో మాట్లాడినదానికి రుజువు ఉండదు.

అక్కడ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. కంపెనీతో మాట్లాడి పరిష్కరించే ప్రయత్నం చేస్తారు. దీనికి ఖర్చు లేదు.

ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన ధర 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్ సరిపోతుంది. 5 లక్షల దాకా ఫీజు లేదు. 2019 చట్టం వచ్చాక మీరు ఉండే ఊళ్లోనే ఫిర్యాదు వేయవచ్చు, ముంబై వెళ్లనక్కర్లేదు. ఇ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, వకీలు తప్పనిసరి కాదు. సమస్య మొదలైన రోజు నుంచి 2 ఏళ్లలోపు వేయాలి. ఆ చట్టంలో సరుకు కొత్తదే అయి ఉండాలని ఎక్కడా లేదు. అయితే తిరిగి అమ్మి లాభం పొందడానికి కొన్నవారు వినియోగదారు కిందకు రారు.

ఆన్‌లైన్ సైట్‌లో కొని ఉంటే 2020 ఇ-కామర్స్ నిబంధనల ప్రకారం సైట్ గ్రీవెన్స్ ఆఫీసర్ మీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి.

తన సొంత వాచీని ఒక్కసారి అమ్ముకున్న వ్యక్తి మీద ఫిర్యాదుకు సాధారణంగా కన్స్యూమర్ కమిషన్ దారి ఉండదు, ఎందుకంటే ఆయన వ్యాపారి కాదు. అబద్ధం చెప్పి అమ్మితే సివిల్ కోర్టు, మోసం చేస్తే పోలీసు స్టేషన్. రెండుచోట్లా మీరు రాయించుకున్న తెల్లకాగితం, వాట్సాప్ చాటింగ్ పనికొస్తాయి. షాపు నుంచి కాస్త ఎక్కువ ధర పెట్టి కొన్నప్పుడు ఆ తేడా దేనికో ఇక్కడ అర్థమవుతుంది.

ధర కట్టేటప్పుడు ఈ లెక్క

ఒకే మోడల్ వాచీలు రెండు మీ ముందు ఉన్నాయి అనుకుందాం. ఒకదానికి కార్డు, రెండేళ్ల గ్యారంటీ మిగిలి ఉన్నాయి. రెండోది వారంటీ అయిపోయింది, సర్వీసు ఎప్పుడు చేశారో తెలియదు. రెండోదాని ధర నుంచి ఒక పూర్తి కంపెనీ సర్వీసు ఖర్చు తీసేసి బేరం మొదలుపెట్టండి. ఆ ఖర్చు ఎంతో కొనే ముందే ఆథరైజ్డ్ డీలర్‌ను అడిగితే చెబుతారు. అమ్మేవారు అంత తగ్గించకపోతే ఆ వాచీ చౌక కాదు.

మొదటిదాని విషయంలో గడువు చివరి నెల దాకా ఆగకండి. గ్యారంటీ ఉండగానే ఒకసారి చూపించి, టైము తేడా, నీటి నిరోధం పరీక్ష చేయించండి. లోపం ఏదైనా ఉంటే ఆ తేదీలోపు బయటపడాలి. తర్వాతి రోజు బయటపడిన లోపానికి బిల్లు మీదే.

కార్డు, మొదటి బిల్లు, మీ కొనుగోలు కాగితం, బ్యాంకు రుజువు, కస్టమ్స్ రసీదు, సర్వీస్ పత్రాలు అన్నీ ఒక కవరులో పెట్టి వాచీ బాక్సుకు దూరంగా దాచండి. రెండూ ఒకేచోట ఉంటే దొంగ ఎత్తుకెళ్లేటప్పుడు వారంటీ కూడా పట్టుకుపోతాడు. ఈ కాగితాలన్నిటినీ ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరి మొబైల్‌కు కూడా పంపి ఉంచండి. రేపు మీరు ఆ వాచీ అమ్మినా, కొడుకు చేతికి పెట్టినా, ఆ కవరు దానితో పాటే వెళ్లాలి.